చంద్రుడి మీద షిఫ్టు

తంగమ్మాళ్ ఇరవై ఏళ్ళకు పైగా చంద్రుడి మీద పని చేసింది. ఎవరో పుట్టించిన మాట కాదిది, ఆమె నోటితో ఆమె చెప్పిందే. రాజపాళయంలో ఆమె నోటికి ఎదురు నిలిచి గెలిచిన మనిషి ఇంకా పుట్టలేదు కాబట్టి నిజమనే అనుకోవాలి.

నమ్మకం కుదరనివాళ్ళు సేత్తూరు రోడ్డులో ఆ మిల్లు గేటు ముందు ఒక సాయంత్రం నిలబడి చూసి ఉండాల్సింది. మిల్లు సైరన్, అదే సంగు, కూత పెట్టగానే ఆడవాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు. రెప్పలు తెలుపు, కనుబొమలు తెలుపు, ముక్కు రంధ్రాల అంచులు తెలుపు. ఏ రంగు చీర కట్టుకుని లోపలికి పోయినా వచ్చేది ఒకటే రంగులో. వాళ్ళందరిలోకి పొడుగ్గా, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా మాట్లాడుతూ వచ్చేదే తంగమ్మాళ్. ఆమె నవ్వితే గేటు కాపరి టీ గ్లాసు కింద పెట్టేవాడు, ఒలికిపోతుందని.

ఆమెది చోళపురం. మొగుడు సంగిలి, చేలో పాము కరిచి పోయాక, చంకలో బిడ్డతో పట్నం వచ్చి మిల్లులో చేరింది. వేస్ట్ రూములో వేశారు. మిషన్లు కక్కిన పనికిరాని దూది మూటలు మూటలుగా అక్కడికి వస్తుంది. దాన్ని గుట్టగా పోసుకుని చుట్టూ కూర్చుని, పుల్లలు, తాళ్ళు, ఇనుప ముక్కలు ఏరి, మంచిది ఒక పక్కకు, చెడ్డది ఒక పక్కకు వేయాలి. ఆ గదిలో ఎదుటి మనిషి మొహం మంచులో కనిపించినట్టు కనిపిస్తుంది.

బిడ్డ మోనిష, మాటలు ముదిరిన వయసులో, ఒక సాయంత్రం అడిగింది. "అమ్మా, దినమూ నువ్వు ఎందుకు ఇట్ల తెల్లగా వస్తావు?"

తంగమ్మాళ్ చెంగు దులుపుతూ పడమటి కొండల మీద వంగి ఉన్న నెలవంకను చూపించింది. "అదో, ఆ నిలాలో గదా, నా కన్నూ, నా పని. అక్కడంతా ఇదే దుమ్ము, ఇదే తూసి."

"పెద్ద పొగగొట్టం ఉండాదే, దాని లోపలి నుంచి ఎక్కిపోతాము," అని మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ రాఘవన్ సార్ బక్క మనిషి గనుక నడుముకు తాడు కట్టుకుని వస్తాడట, లేకపోతే గాలిపటంలా పోతాడట. అక్కడ కాపలాకు మన ఊరి రాజపాళయం కుక్కను పెట్టారట. తెలుపు మీద తెలుపు కాబట్టి కుక్క కనిపించదు. గులాబీ రంగు ముక్కు ఒక్కటే గాలిలో తిరుగుతుంటే అదే కుక్క అనుకోవాలట.

"మరి నిలా సగమే ఉండాదే?"

"మేమే గదా వొలిచి వొలిచి మూట కట్టేది. అమావాస అంటే స్టాకు అయిపోయిందని. అప్పుడు సంకరన్‌కోవిల్ ఆళ్ళు వచ్చి మళ్ళీ నింపుతారు."

మోనిష దీన్ని బడిలో చెప్పి మోకాళ్ళ మీద నిలబడింది. తంగమ్మాళ్ బడికి పోయి టీచరమ్మకు ఆ కుక్క కథ చెప్పి, ఆమెను కడుపు పట్టుకుని నవ్వేలా చేసి, బిడ్డను లేపి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి వీధిలో ఆమె పేరు నిలా తంగమ్మాళ్.

మిల్లులో ఒక ఆచారం ఉంది. షిఫ్టు దిగేటప్పుడు ప్రతి మనిషికీ ఒక బెల్లం గడ్డ, ఒక అరటిపండు ఇస్తారు. మింగిన దూదిని బెల్లం చుట్ట చుట్టి కిందికి దించేస్తుందని అక్కడి నమ్మకం. తాతల కాలం నుంచి వచ్చిన మందు. మూతికి కట్టుకోమని మిల్లువాళ్ళు గుడ్డ మాస్కులు కూడా ఇచ్చారు, ఇవ్వలేదని చెప్పకూడదు. గదిలో పక్కనే కూర్చునే రంగమ్మాళ్ తన మాస్కుతో మజ్జిగ వడకట్టేది. తంగమ్మాళ్ తన దాన్ని జడకు కట్టుకునేది. "మాస్కు కట్టుకుంటే నా కథ ఎవరికి వినిపిస్తాది?" అనేది.

ఆమె కనిపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది, అది బెల్లం కంటే గొప్పది. వారానికి ఒక రోజు లీవు. ఆ లీవు మరునాడు పనిలో కూర్చోగానే రొమ్ము మీద ఎవరో రోలు పెట్టినట్టుండేది. మరునాటికి కొంచెం తేలిక, ఆ మరునాటికి ఇంకా తేలిక, వారం చివరికి ఏమీ ఉండేది కాదు. మళ్ళీ లీవు, మళ్ళీ రోలు. ఒక్క ఆమెకే కాదు, గదిలో అందరికీ అంతే. అందరూ దగ్గుకుని ఊరుకున్నారు. తంగమ్మాళ్ ఊరుకునే రకం కాదు, ఆలోచించింది. జబ్బు వచ్చేది లీవు తర్వాత. పోయేది పనిలో. అయితే జబ్బు ఎక్కడుంది?

"లీవులోనే ఉండాది!" అని ఆమె గదిలో నిలబడి చాటింది. "నిలాలో అలవాటైన ఒళ్ళు భూమి మీద ఒక దినం కూర్చుంటే ఒప్పుకోదు. లీవే జబ్బు, పనే మందు."

అప్పటి నుంచి ఆమె లీవు మానేసింది. పండగ లేదు, పబ్బం లేదు. రోలు రాలేదు. చూశారా అని రొమ్ము చరుచుకుని చూపించేది. మే దినం నాడు మిల్లు సొంతదారైన ముతలాళి చేతి మీదుగా ఆమెకు ఒక గోడ గడియారం ఇచ్చారు, లీవు వేయని మనిషని. రాఘవన్ సార్ చప్పట్లు కొట్టాడు. గదిలో సగం మంది ఆమె దారి పట్టారు. ఈ ఊళ్ళో జబ్బుకు ఇంతకంటే బాగా అంగడి పెట్టి ఇచ్చినవాళ్ళు లేరు.

మళ్ళీ మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపుతున్నారనే మాట ఊళ్ళోకి వచ్చింది మొన్న మొన్ననే. ఈసారి గుంపులో ఒక ఆడమనిషి కూడా ఉందని టీవీలో చూసి రంగమ్మాళ్ పరుగున గదిలోకి వచ్చింది.

"ఏం వదినా, నీ కంపెనీకి ఇంకొకత్తిని చేర్చినారంట?"

"ఆమా. ముందు పోయిన మొగోళ్ళు చీపురు పట్టకుండా వచ్చేసినారు. ఊడ్చేదానికి ఒకత్తి కావాల గదా."

"ఇన్నేళ్ళు నువ్వు ఊడ్చినావే?"

"నన్ను ఊడ్చనిస్తే నిలానే మిగలదని నిలిపేసినారు!"

దూది గుట్ట చుట్టూ నవ్వులు లేచాయి, వెంటనే దగ్గులు లేచాయి. ఆ గదిలో నవ్వు ఎప్పుడూ దగ్గుతోనే ముగిసేది. ఎవరూ దాన్ని వేరుగా చూడలేదు.

ఆ సాయంత్రం మోనిష ఫోనులో ఒక వీడియో చూపించింది. పన్నెండు చదివి, జవహర్ మైదానం దగ్గర సెల్‌ఫోన్ కొట్లో పని చేస్తున్న పిల్ల. అమ్మ కథల మీద పెరిగిన పిల్ల కాబట్టి చంద్రుడి మాట ఎక్కడ వినిపించినా ఆగేది. పోయిన తరంలో అక్కడ నడిచి వచ్చినవాళ్ళ సంగతి అందులో చెబుతున్నారు. అక్కడి దుమ్ము గాజు పొడిలా ఉంటుందట. బూట్లకు, అంగీలకు అంటుకుని లోపలికి వచ్చిందట. తలమీది టోపీ తీయగానే కాలిన తుపాకి మందు వాసన కొట్టిందట. ఒకాయనకు ముక్కు వాచి తుమ్ములు పట్టుకున్నాయట. అందుకే ఈసారి అక్కడ దిగబోయేవాళ్ళతో పాటు దుమ్ము లోపలికి రాకుండా ఏం చేయాలా అని పెద్ద పెద్దవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అంగీని బయటే తగిలించి, మనిషి ఒక్కడే వెనక తలుపులోంచి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఆలోచించారట.

"మందు వాసనా? అయితే మన శివకాశి పక్కనే ఉండాది నిలా," అంది తంగమ్మాళ్. "మూడు దినాలకే తుమ్మినాడా ఆయన? నేను ఇన్నేళ్ళు ఉండాను, ఒక తుమ్ము చూసినావా? వాళ్ళకి వెల్లం గడ్డ ఇచ్చినారా, అది అడుగు."

తుమ్ము నిజంగానే లేదు. ఈల ఉంది. ఆమె ఊపిరి తీసినప్పుడల్లా తలుపు సందులో గాలి దూరినట్టు సన్నగా ఈల. మోనిష పుట్టినప్పటి నుంచి వింటున్నది కాబట్టి అమ్మ ఊపిరి అలాగే ఉంటుందనుకుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మిల్లు వ్యాన్ మెట్టు మీద తంగమ్మాళ్ ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టలేకపోయింది. మెట్టు మీదే కూర్చుని నోరు తెరిచి గాలి కోసం చేతులు ఆడించింది. వ్యాన్‌లో ఉన్నవాళ్ళు, తాడు తెగిన రాఘవన్ సార్‌లా నటిస్తోందనుకుని విరగబడి నవ్వారు. పెదాలు నీలంగా మారేవరకు నవ్వుతూనే ఉన్నారు.

ఆస్పత్రిలో గాయత్రి డాక్టరు చూసింది. ఊరి పిల్లే, ఇంట్లో తెలుగే.

"లీవు దినం ఎట్లుంటాది అమ్మా?"

"లీవు మరునాడే కష్టం డాక్టరమ్మా. అందుకే లీవే వెయ్యను. గడియారం ఇచ్చినారు," అంది తంగమ్మాళ్, ఊపిరికి ఊపిరికి మధ్య గొప్పలు పోతూ.

డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుంది.

"లీవు జబ్బు కాదమ్మా. లీవులో నీ ఊపిరితిత్తులు కొంచెం తేరుకుంటాయి. మరునాడు మళ్ళీ ఆ దూది పంజు తగిలితే అరుస్తాయి. వారం చివర్లో అరవలేదంటే బాగయినాయని కాదు. అరిచి అరిచి అలిసిపోయినాయి. అది వద్దని చెప్పేదానికే నీ ఒళ్ళు అరిచింది. నువ్వు దాని నోరు మూసేసినావు."

"వెల్లం?"

"వెల్లం కడుపులోకి పోతాది. ఊపిరి దారి వేరే."

చదువుకున్నవాళ్ళు ఆ జబ్బుకు ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. దాన్ని పూర్తిగా పలకడానికి కూడా ఊపిరి కావాలి. తంగమ్మాళ్ దగ్గర అంత లేదు. ఇంక నయం కాదని, ఉన్నది జారిపోకుండా చూసుకోవడమేనని చెప్పి, పీల్చుకునే మందు ఇచ్చి పంపారు.

ఇంటికి వచ్చాక ఆమె మంచంలో కూర్చునే ఉండేది. పడుకుంటే ఊపిరి అందదు. రాఘవన్ సార్ ఆరంజి పండ్లు పట్టుకుని చూడడానికి వచ్చాడు. మంచి మనిషే. "ఏమీ విచారపడొద్దు తంగమ్మా. నీ చోటు వేరే ఎవరికీ ఇవ్వను. వచ్చే ఒకటో తేదీ నుంచి మోనిషను పంపు," అన్నాడు. తల్లి కూర్చున్న చోటు కూతురికి, అది ఆ మిల్లు మర్యాద. సెల్‌ఫోన్ కొట్టు మూతపడి మోనిష ఊరికే ఉన్న రోజులవి. సార్‌కు కాఫీ ఇస్తూనే సరి అనేసింది.

సార్ పోయాక తంగమ్మాళ్ కూతురి చెయ్యి పట్టుకుంది.

"వద్దు కన్ను. పంజు... పంజే నన్ను తినేసింది."

"ఏమ్మా, ఇన్నేళ్ళు తినంది ఇప్పుడు తినిందా? నువ్వు పని నిలిపిన తర్వాతనే గదా ఇట్ల మంచం పట్టినావు?"

"డాక్టరమ్మ చెప్పింది. లీవు... జబ్బు కాదంట."

"నువ్వే గదా చెప్పినావు, లీవే జబ్బని? గడియారం కూడ ఇచ్చినారే." మోనిష నవ్వుతూ అమ్మ నుదురు తుడిచింది. "సుమ్మా ఉండమ్మా. నన్ను పంపేదానికి మనసు లేక కొత్త కథ కడతా ఉండావు. నిలాలో నీ చోటు నాకియ్యవా?"

తంగమ్మాళ్ గోడకున్న గడియారాన్ని చూసింది. జీవితంలో మొట్టమొదటిసారి ఆమె దగ్గర ఒక నిజం ఉంది. చెప్పడానికి ఊపిరి లేదు, వినడానికి మనిషి లేదు. కుక్క ముక్కు గాలిలో తిరిగిందంటే నమ్మిన బిడ్డ దీన్ని నమ్మడం లేదు.

ఒకటో తేదీ దగ్గర పడింది. మోనిష బజారుకు పోయిన సమయం చూసుకుని తంగమ్మాళ్ ఆటో పిలిపించుకుని మిల్లుకు పోయింది. సంగు అప్పుడే కూసింది. ఆడవాళ్ళు తెల్లగా బయటికి వస్తూ ఆమెను చూసి చుట్టూ మూగారు.

"నిలా తంగమ్మ దిగింది రండే! ఏం అక్కా, రాకెట్టులో వచ్చినావా?"

ఆటో కమ్మీ పట్టుకుని నిలబడి ఆమె చెప్పింది. లీవు జబ్బు కాదని. తాను చెప్పింది తప్పని. బెల్లం కడుపుకు పోతుందే కాని రొమ్ముకు పోదని. నిలాకు పోయేవాళ్ళే అంగీని బయట విడిచి లోపలికి వస్తున్నారని, మనం దుమ్మును చీరలో మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోతున్నామని. ఒక్కొక్క మాటకూ ఆగి, ఈల వేసి, మళ్ళీ అందుకుంది. ఆగిన ప్రతిచోటా వాళ్ళు నవ్వారు. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి కదా, కావాలనే ఆగుతోందనుకున్నారు.

"అంగీ బయట విడిచేసి లోపలికి వస్తారా? అయితే ఆ ఆడది కూడానా?" అని ఒకతె కేక వేసింది. గేటు కాపరి కూడా గ్లాసు కింద పెట్టాడు.

రంగమ్మాళ్ కళ్ళు తుడుచుకుంటూ తన చేతిలోని బెల్లం గడ్డను తంగమ్మాళ్ నోటిలో పెట్టింది. "తిను వదినా. నువ్వు లేక రూములో నవ్వే లేదు. తొందరగా రా. పనిలో కూర్చుంటే అంతా సరైపోతాది, నీకు తెలియందా?"

బెల్లం నోటిలో కరిగింది. తంగమ్మాళ్ దాన్ని ఉమ్మలేదు. గేటు లోపలికి, రాఘవన్ సార్ గదికి, గోడ పట్టుకుని నడిచింది.

అక్కడ ఆమె గొంతు పెంచలేదు. చేతులు ఆడించలేదు. కుర్చీ అంచున కూర్చుని, తల దించుకుని, చెంగు నలుపుతూ చెప్పింది.

"సార్. మోనీకి ఫిట్స్ ఉండాది."

"ఏంటమ్మా!"

"చిన్నప్పటి నుంచి. మోచేతి మీద కాలిన మచ్చ చూసినారు గదా. పొయ్యి దగ్గర పడింది."

మోనిష మోచేతి మీద మచ్చ నిజం. దీపావళి పూట నూనె చింది పడిన మచ్చ. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు తంగమ్మాళ్. ఇరవై ఏళ్ళు చంద్రుడంత అబద్ధాలు ఆడిన మనిషికి, మనుషులు నమ్మే అబద్ధం ఎంత చిన్నగా ఉండాలో కూడా తెలుసు.

రాఘవన్ సార్ మొహం పాలిపోయింది. "అయ్యో పావం. ముందే చెప్పకూడదా? మిషన్లు తిరిగే చోటు, ఎట్ల లోపలికి విడిచేది?"

"ఆడపిల్ల సార్. ఎట్ల చెప్పేది? ఎవరికీ చెప్పొద్దు."

"నాతోనే ఉంటాది," అన్నాడాయన. ఈ మాటకు ఎవరూ నవ్వలేదు.

ఒకటో తేదీ పొద్దున మోనిష తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. మిల్లు వ్యాన్ వచ్చింది, ఆగకుండా పోయింది. కిటికీల్లోంచి చూసిన ప్రతి మొహంలోనూ జాలి ఉంది. ఆ సాయంత్రం రంగమ్మాళ్ వచ్చి, పాత ఇనుప తాళంచెవిని నల్ల దారానికి కట్టి మోనిష చేతిలో పెట్టింది. "ఎప్పుడూ దగ్గరే పెట్టుకో కన్ను. వచ్చేటట్లుంటే గట్టిగా పట్టుకో. ఇనుము పట్టుకుంటే నిలిచిపోతాది."

"ఏమి వచ్చేటట్లుంటే?"

రంగమ్మాళ్ మంచం మీద తంగమ్మాళ్‌ను చూసి, నాలుక కరుచుకుని, వెళ్ళిపోయింది.

తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. బట్టల కొట్లో పని అడగడానికి పోతే ఆ కొట్టు ముతలాళి భార్య నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "ఒంటరిగా రోడ్డు దాటకమ్మా" అని పంపించింది. మంసాపురం నుంచి వస్తామన్న సంబంధంవాళ్ళు రాలేదు. ఆ పెళ్ళికొడుకు నందకుమార్ అప్పటికే మోనిషతో ఫోనులో మాట్లాడేవాడు. ఆ మాటలూ ఆగిపోయాయి. ఊరిలో ఎవరూ ఆమెను తిట్టలేదు. అందరూ మెత్తగా మాట్లాడారు. అదే భరించడం కష్టమైంది.

ఒక సాయంత్రం మోనిష మంచం ముందు నిలబడింది.

"అమ్మా. నాకు ఫిట్స్ ఉండాదా?"

"లేదు కన్ను."

"మరి ఎందుకు చెప్పినావు?"

"పంజు..."

"పంజు, పంజు! రూములో అంతమంది పని చేస్తా ఉండారే, వాళ్ళంతా చచ్చినారా? నీ చోటులో నేను కూర్చునేది ఓర్వలేకపోయినావు. పో, వీధిలో చెప్పు, అబద్ధమని."

తంగమ్మాళ్ లేచింది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, తిన్నె మీదికి వచ్చింది. ఎదురింటి కోడలు పాప, పక్కింటివాళ్ళు, నీళ్ళ కుళాయి దగ్గర ఉన్నవాళ్ళు చూస్తుండగా, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"నా బిడ్డకు ఏమీ లేదు! నేను చెప్పింది అబద్ధం!"

కుళాయి దగ్గర బిందెలు కింద పెట్టారు. తర్వాత ఎవరో మెల్లగా అన్నారు. "పావం. బిడ్డ కోసరం మాట మారుస్తా ఉండాది." పాప వచ్చి ఆమెను పట్టుకుని, "నువ్వు లోపలికి పో అత్తా, మాకు తెలుసు," అని తీసుకొచ్చి మంచంలో కూర్చోబెట్టింది.

మోనిష అంతా చూసింది. తాళంచెవిని తీసుకుపోయి గడియారం పక్కన మేకుకు తగిలించింది. ఆ రోజు నుంచి అమ్మతో మాట లేదు. వేళకు గంజి, వేళకు మందు, మంచం పక్కన నీళ్ళ చెంబు. అంతే.

ఇప్పుడు మోనిష ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. అవి కూడా వీధిలోవాళ్ళు జాలిపడి ఇచ్చినవే. రంగమ్మాళ్ లీవు వేయడం మానేసిందని, ఈ మే దినానికి గడియారం ఆమెకేనని చెప్పుకుంటున్నారు.

చంద్రుడి దుమ్మును వాకిట్లోనే నిలిపే పని ఎక్కడో ఇంకా జరుగుతూనే ఉంది. ఎవరైనా ఉపాయం కనిపెట్టేవరకు అక్కడ కాలు పెట్టబోయేవాళ్ళు ఆగుతారేమో. సేత్తూరు రోడ్డులో వ్యాన్ మాత్రం ఏ రోజూ ఆగలేదు.

పొద్దు వాలింది. కొండల మీద నెలవంక సన్నగా ఉంది. మోనిష గడపలో కూర్చుని, అమ్మకు వీపు చూపించి, గుండీలు కుడుతోంది. సూది వేలికి గుచ్చుకున్నట్టుంది, విసురుగా ఊపిరి తీసి వదిలింది. మళ్ళీ తీసింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి, ఏడుస్తోందో, కోపమో, వెనక నుంచి తెలియదు.

తంగమ్మాళ్ తన ఊపిరిని కాసేపు బిగపట్టింది, తన ఈల అడ్డు రాకూడదని. చెవి పెట్టి విన్నది. బిడ్డ ఊపిరి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. ఈల లేదు.

రొమ్ము మండేవరకు అలాగే బిగపట్టుకుని విన్నది.